మేస్త్రీ తట్టి చూడని నేల

ఎవరింటికి వెళ్ళినా మేస్త్రీ ముందు కూర్చోడు. చెప్పులు విడిచి, గుమ్మం దాటి, వంగి, ఉంగరపు వేలి కణుపుతో నేలను రెండుసార్లు తట్టి, తల ఓ పక్కకు వంచి వింటాడు. కుర్చీ సంగతి ఆ తర్వాతే. చావింటికి పలకరించడానికి వెళ్ళినా అంతే. భార్య పురిటి నొప్పులు పడుతున్న రోజున ఆసుపత్రి వరండా ఈ చివర నుంచి ఆ చివరదాకా తట్టుకుంటూ పోయి, "మూడు టైల్స్ మోగుతున్నాయి, ఎవరికి చెప్పాలి?" అని నర్సును అడిగాడట. "కొడుకు పుట్టాడు, పోయి వాణ్ణి తట్టండి" అందట ఆవిడ. ఈ కథ అతని భార్య ముప్ఫై ఏళ్ళుగా చెబుతోంది. ప్రతిసారీ కొత్తగానే నవ్వుతుంది.

టైలు కింద సిమెంటు మాలు నిండుగా పట్టి ఉంటే తట్టినప్పుడు గట్టిగా, పొట్టిగా 'టక్' మంటుంది. అడుగున ఖాళీ ఉంటే 'డుబ్' మంటుంది, ఖాళీ డబ్బా మూత మీద కొట్టినట్టు. అలా మోగిన టైలు ఇవాళ బాగానే ఉంటుంది, రేపూ ఉంటుంది. ఎప్పుడో ఓరోజు మంచం కోడు దాని మూల మీద పడుతుంది, అప్పుడు పగులుతుంది. అందుకే మేస్త్రీ నేల వేసిన మర్నాడు పొద్దున్నే రబ్బరు సుత్తి పట్టుకుని మళ్ళీ వెళ్తాడు. పిడితో ఒక్కో టైలూ తట్టి, మోగినదాన్ని పీకి తిరిగి వేస్తాడు. ఇంటివాళ్ళు అడగకపోయినా, అసలు వాళ్ళకు తెలియకపోయినా. పని నేర్పిన మేనమామ పెట్టిన నియమం అది. "నేల వేసినోడు మర్నాడు పొద్దున దాన్ని పలకరించాలిరా. లేదంటే జన్మంతా అదే నిన్ను పిలుస్తుంది" అనేవాడాయన.

నాలుగో తరగతిలో ఉండగా నాన్న మంచాన పడితే బడి మానేసి మేనమామ వెంట నడిచాడు. ఇప్పటికి యాభై ఐదు. మోకాళ్ళు అరిగిపోయాయి. కూర్చుంటే లేవడం ఒక పని, లేస్తే కూర్చోవడం ఇంకో పని. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదివేలోపు బస్సు వెళ్ళిపోతుంది. కానీ గదిలోకి ఒకసారి తొంగిచూసి ఎన్ని టైల్స్ పడతాయో చెప్తే రెండు మూడు అటూ ఇటూ, అంతే. వీధిలో ఎవరు అద్దెకు ఇల్లు చూసుకున్నా ముందు అతన్ని తీసుకుపోతారు. అతను గోడ నిమిరి, బాత్రూములో చెంబుడు నీళ్ళు పోసి వాటం ఎటు ఉందో చూసి, "ఊఁ" అంటే ఆ ఇల్లు ఖాయం. పెదవి విరిస్తే ఇంటాయన నెత్తిన పెట్టుకుంటానన్నా వద్దు. "మేస్త్రీ చూశాడా?" అన్నది ఆ వీధిలో సగం పనులకు మొదటి మాట.

అలాంటి మనిషి పదకొండేళ్ళుగా ఒకే ఒక్క నేలను తట్టకుండా తిరుగుతున్నాడు.

వీధి చివర చిన్న ప్రభుత్వ బడి ఉంది. రెండు గదులు, ఓ వరండా, నీలం రంగు గేటు, ఇద్దరు టీచర్లు, ఇరవై ఒక్క మంది పిల్లలు. ఆ బడి ఎలా ఉంటుందని ఎవరడిగినా మేస్త్రీ జవాబు ఒకటే. "ఆ బిల్డింగులో పనంతా నాసిరకం. నేను కళ్ళారా చూశానుగా! నేలే సరిగ్గా వేయించలేనివాళ్ళు చదువేం చెప్పిస్తారు?" వీధి తలూపేది. పిల్లలు వ్యాన్లెక్కి పెద్ద రోడ్డు దాటి, నాలుగంతస్తుల పెద్ద బడికి పోయేవాళ్ళు.

నువ్వెప్పుడు చూశావని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పాల్సి వచ్చేది, ఆ నేల వేసింది తనేనని.

ఐదు రోజుల పని అది. మూడో రోజు మధ్యాహ్నం కాంట్రాక్టరు పరుగెత్తుకుంటూ వచ్చి, "రేపు పొద్దున్నే ఓపెనింగు, పెద్దవాళ్ళొస్తున్నారు, ఏం చేస్తావో నాకు తెలీదు" అన్నాడు. మొదటి గది అప్పటికి పద్ధతిగా అయిపోయింది. రెండో గదిలో మాలు నిండుగా పరిచే టైము లేదు. టైలు వెనక నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒక ముద్ద పెట్టి అతికించుకుంటూ పోయాడు. పైకి అద్దంలా ఉంది. కాంట్రాక్టరు భుజం తట్టాడు. మర్నాడు పొద్దున మేస్త్రీ సుత్తి పట్టుకుని వెళ్ళేసరికి గదినిండా కుర్చీలు వేసేశారు. గేటు దగ్గరే కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాడు. వచ్చే వారం వెళ్దామనుకున్నాడు. వచ్చే వారం ఇంకో చోట పని పడింది. నెల దాటాక సిగ్గేసింది. ఏడాది దాటాక ఆ సిగ్గు కోపంలా మారింది. ఆ కోపం తన మీదకు రాకుండా ఎలా తప్పుకుందో ఏమో, పోయి బడి మీద పడింది. అప్పటినుంచి ఆ గేటు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే తేలు కుట్టిన దొంగలా తల దించుకుని గబగబా నడిచేవాడు.

ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. భార్యకు సైతం.

*

మేస్త్రీకి ఒక్కతే మనవరాలు. ఆరేళ్ళది. దాని పేరు ఏదైనా, ఇంట్లో అందరూ పిలిచేది వాగుడుకాయ అనే. తాత పనిలోంచి వచ్చి బకెట్టులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే పక్కన చేరి, సిమెంటు బూడిద రంగులోనే ఎందుకుంటుంది, నేలకు చక్కిలిగింతలు ఉంటాయా, నువ్వు చిన్నప్పుడు కూడా ముసలాడివేనా అంటూ గుక్క తిప్పుకోకుండా అడిగేది. తాతలాగే వేలు మడిచి నేల తట్టడం కూడా నేర్చుకుంది. "ఇది మోగుతోంది తాతా, ఎవరో పనికిమాలినోడు వేశాడు" అనేది, అచ్చం అతని గొంతుతో.

పెద్ద బడిలో వేసిన ఏడాదికే దాని వాగుడు ఆగిపోయింది. ముందు బడిలో ఆగింది, తర్వాత ఇంట్లో. పొద్దున వ్యాను హారను వినపడగానే కడుపు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. డాక్టరుకు చూపిస్తే కడుపులో ఏమీ లేదన్నాడు. చివరికి ఒక సాయంత్రం బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి వచ్చిన కోడలు చేతిలో ఒక కాగితంతో మేస్త్రీ ముందు నిలబడింది. కొడుకు లారీ మీద దూరం వెళ్ళాడు, వారానికి గానీ రాడు.

"మామయ్యా, ఇదిగో బడివాళ్ళు పంపారు. ఒకటో తరగతే మళ్ళీ చదవాలట. లేదంటే తీసుకుపొమ్మంటున్నారు."

"ఎందుకట?"

"అడిగితే నోరు విప్పదట."

"మన వాగుడుకాయా? నోరు విప్పదా?" అని లోపల్నుంచి అత్తగారు వచ్చింది. "దాని నోటికి తాళం వేసే మొగాడు ఇంకా పుట్టలేదనుకున్నానే!"

"ఆ బడిలో పుట్టాడులెండి" అంది కోడలు. నవ్వలేదు. "మామయ్యా, వీధి చివర బడిలో వేద్దామనుకుంటున్నాను."

మేస్త్రీ కాళ్ళు బకెట్టులోంచి తీశాడు. "అది వద్దన్నానుగా."

"మీరన్నారు, మేం విన్నాం. నేను ఒక్కసారైనా లోపలికెళ్ళి చూడలేదు. రేపు శనివారం చేర్చాలనుకునేవాళ్ళు ఎవరైనా వచ్చి పొద్దుట్నుంచి మధ్యాహ్నందాకా కూర్చుని చూడొచ్చని గేటు మీద రాశారు. నాకు సెలవివ్వరు. మీకు రేపు పని లేదు. దాన్ని తీసుకుని వెళ్ళి చూడండి. ఇల్లు చూసినట్టే చూడండి. బాగుందంటే వేస్తాను, బాలేదంటే అక్కడే ఉంచి ఇంకో ఏడాది ఏడిపిస్తాను. మీ మాట."

"నా మాటేంటమ్మా మధ్యలో? నేనేం చదువుకున్నానని?"

"మీ మాట మీద ఇంతకాలం అటువైపు చూడలేదు మామయ్యా. ఇప్పుడూ మీరే చెప్పండి."

అలా అని ఊరుకుంటే బాగుండేది. పొద్దున్నే కొళాయి దగ్గర ఈ సంగతి వీధంతా పాకింది. ఇస్త్రీ బండి ఆయనకు కవల పిల్లలు. ఎదురింటి నర్సమ్మకు ఐదేళ్ళ కొడుకు. ఇద్దరూ ఈ ఏడే బడిలో వేయాలి. "మేస్త్రీ బావా, మాకు కూడా చూసి పెట్టు. నీ కళ్ళతో చూస్తే మా కళ్ళతో చూసినట్టే" అన్నాడు ఇస్త్రీ ఆయన, పెట్టె మీద నీళ్ళు చిలకరిస్తూ. మేస్త్రీ వాగుడుకాయ వేలు పట్టుకుని నడిచాడు.

*

గేటు బందులకు నూనె రాశారు, కిర్రుమనలేదు. అది మొదటగా చూశాడు. చిన్న పిల్లలున్న చోట గేటు కిందిభాగం మొన తేలి ఉంటే కాళ్ళు గీసుకుంటాయి. అక్కడ పాత సైకిలు ట్యూబు చీల్చి చుట్టారు. ఎవరో బుర్రపెట్టి చేసిన పని.

పెద్ద టీచరు వరండాలోకి వచ్చింది. బక్కపల్చటి మనిషి, కళ్ళజోడుకు దారం కట్టి మెడలో వేసుకుంది. ఎవరని గానీ, ఏం చేస్తారని గానీ అడగలేదు. "చూడండి. అన్నీ చూడండి. అడగాలనిపించింది అడగండి. తలుపు మూసున్న గది ఏదీ లేదు" అని లోపలికి పోయింది.

మేస్త్రీ ముందు మొదటి గది గుమ్మంలో వంగి వేలితో తట్టాడు. టక్. అది తను పద్ధతిగా వేసిన గది, దాని గురించి భయం లేదు. తర్వాత బాత్రూములకు వెళ్ళాడు. ఇల్లు చూసినా అక్కణ్ణుంచే మొదలెడతాడు. మనుషులు ముందు గదిలో అబద్ధం ఆడగలరు గానీ బాత్రూములో ఆడలేరని అతని నమ్మకం. నీళ్ళు పోసి చూశాడు. కాలవలోకి జారిపోయాయి, ఎక్కడా నిలవలేదు. లోపలి గడియ అసలు పైన ఉండేది. దాన్ని విప్పి కిందికి, పిల్లల చేతికందే ఎత్తులో బిగించారు. పాత మేకుల చిల్లులు పుట్టీతో పూడ్చి ఉన్నాయి. ఆ చిల్లుల వంక కాసేపు చూశాడు. పెద్ద బడిలో గడియ అందక తలుపు తీసే కూర్చోవాల్సి వచ్చిందని వాగుడుకాయ ఒకసారి నానమ్మతో చెప్పి ఏడ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

అంతా బాగుందని కాదు. వరండా కప్పు మూల చెమ్మ పట్టి పెచ్చులూడుతోంది. కొళాయిల్లో ఒకటి పనిచేయదు. పుస్తకాల బీరువాకు ఒక తలుపే ఉంది. అతను చెమ్మకేసి చూస్తుంటే పెద్ద టీచరే బయటికొచ్చి, "వానొస్తే అక్కడ కారుతుంది. ఆఫీసుకు రాసి రాసి చెయ్యి పడిపోయింది. ఆ కింద ఎవర్నీ కూర్చోబెట్టం" అంది. ఎవరైనా ఇల్లు చూపించేటప్పుడు చెమ్మ ముందు క్యాలెండరు తగిలిస్తారు. తనే వేలు పెట్టి చూపించేవాళ్ళను మేస్త్రీ ఇంతవరకూ చూడలేదు.

ఇక రెండో గది.

గుమ్మం దగ్గర అతని కాళ్ళు ఆగాయి. వంగలేదు, తట్టలేదు. వెనక గోడ పక్కన ఒక బల్ల మీద మనవరాలిని పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. చేతులు రెండూ చంకల్లో దోపుకున్నాడు.

ఆ గదిలో ఒకటో తరగతి, రెండో తరగతి కలిపి కూర్చుంటారు. టీచరు లోటు కాబట్టి అలా. ఒక పిల్లాడు లేచి పుస్తకం చదువుతున్నాడు. ఒక మాట దగ్గర ఆగిపోయాడు. మేస్త్రీ ఒళ్ళు బిగుసుకుంది. అతను చదివిన నాలుగేళ్ళలో అలా ఆగినప్పుడల్లా వీపు మీద బెత్తం మోగేది. పెద్ద టీచరు ఏమీ అనలేదు. మాట అందివ్వలేదు. పక్కపిల్ల చెప్పబోతే కళ్ళతోనే ఆపింది. పాతకాలం టైల్స్ వేసే ముందు నీళ్ళలో నానబెట్టేవాళ్ళు. బుడగలు వస్తూ ఉంటాయి. బుడగలు ఆగేదాకా ఆగాలి, తొందరపడి తీస్తే అది మాలులోని నీళ్ళు పీల్చేసి ఊడిపోతుంది. ఆవిడ సరిగ్గా అలా ఆగింది. గదంతా ఆగింది. పిల్లాడి పెదాలు రెండుసార్లు కదిలాయి, మూడోసారి మాట వచ్చింది. "ఆఁ" అంది టీచరు, అంతే. పొగడను కూడా లేదు. పిల్లాడు మాత్రం ముక్కు ఎగబీల్చి కోటను పట్టుకున్న రాజులా కూర్చున్నాడు.

అప్పుడు ముందు వరసలోంచి ఒక పిల్ల లేచి బోర్డు కిందికి వెళ్ళింది. అక్కడొక టైలు మీద నిలబడి మడమతో గట్టిగా కొట్టింది.

డుబ్.

మేస్త్రీ చంకల్లోని చేతులు ఇంకా బిగించాడు.

గదిలో అందరూ ఆ పిల్లకేసి తిరిగారు. టీచరు కూడా చేతిలో సుద్దముక్క కింద పెట్టింది. "మా తమ్ముడికి పన్ను ఊడింది. వాడు మింగేశాడు" అని చెప్పి, అంతా విన్నారో లేదో ఒకసారి చూసుకుని, ఆ పిల్ల తన చోటికి వచ్చేసింది.

టీచరు మేస్త్రీ వైపు చూసి నవ్వింది. "మా బడి పద్ధతండీ. ఎవరైనా ఏదైనా చెప్పాలనుకుంటే ఆ టైలు మీద కొట్టాలి. మోగిందంటే నేనైనా నోరు మూసుకుని వినాలి. ఈ గదిలో మోగేవి చాలా ఉన్నాయిగానీ అన్నిట్లోకీ అదే బాగా మోగుతుంది."

పాపం చేసినవాడికి బహుమతి ఇస్తే ఎలా ఉంటుందో అలా ఉంది మేస్త్రీకి. ఏదో అనాలని నోరు తెరిచేలోపు పక్కన బల్ల తేలికైంది. వాగుడుకాయ దిగి నడుస్తోంది.

టైలు మీద నిలబడింది. మడమ ఎత్తింది, దించింది. మళ్ళీ ఎత్తి కొట్టింది. డుబ్. గదిలో మొహాలన్నీ తిరిగాయి. దాని గొంతు మొదట పెగల్లేదు. మళ్ళీ ఆ ఆగడం. ఎవరూ కదల్లేదు.

"ఇక్కడ..." అంది. "ఇక్కడ కడుపు నొప్పొస్తే ఏం చేస్తారు?"

"ఎవరికి?" అని అడిగింది టీచరు.

"నాకు."

"నొప్పొస్తే నాకు చెప్పు. అదిగో ఆ మూల చాప ఉంది. దాని మీద పడుకో. తగ్గాక లే."

వెనకనుంచి ఒక పిల్లాడు, "నాకు కూడా వచ్చేది. నేను రెండు రోజులు పడుకున్నా. తర్వాత చాప బోరు కొట్టింది" అన్నాడు. అందరూ నవ్వారు. వాగుడుకాయ కూడా నవ్వింది, చేత్తో నోరు మూసుకుని.

అక్కడితో అది వెనక్కి రాలేదు. మోకాళ్ళ మీద కూలబడి, వేలు మడిచి, పక్క టైలు తట్టింది. దాని పక్కది తట్టింది. నెలలుగా వినపడని గొంతు గదంతా వినపడింది: "తాతా! ఇది కూడా మోగుతోంది! ఇదీ! ఇదీ! ఎవరో పనికిమాలినోడు వేశాడు తాతా!"

"అలా అనకూడదమ్మా" అంది టీచరు. "ఎవరో మేస్త్రీ, పాపం, ఏ తొందరలో వేశాడో."

మేస్త్రీ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. దండం పెట్టాడో, వస్తానన్నాడో అతనికే తెలియదు. మనవరాలిని తీసుకుని బయటపడ్డాడు.

దారిపొడుగునా అది మాట్లాడుతూనే ఉంది. పన్ను మింగితే కడుపులో నములుతుందా తాతా అని అడిగింది.

*

సాయంత్రం ఇస్త్రీ బండి దగ్గర అందరూ చేరారు. కోడలు ఫ్యాక్టరీ నుంచి వచ్చి సంచి కూడా దించలేదు. నర్సమ్మ డ్యూటీకి పోతూ ఆగింది. మేస్త్రీ భార్య గుమ్మంలో కూర్చుని చాట ముందేసుకుంది.

"చెప్పు బావా, ఏం తేల్చావు?" అన్నాడు ఇస్త్రీ ఆయన.

"కప్పు ఓ మూల కారుతుంది" అన్నాడు మేస్త్రీ.

"నువ్వు ముందునుంచీ అంటున్నదేగా. అయితే వద్దంటావు."

"ఆగు. ఇద్దరే టీచర్లు. ఒకరికి జ్వరమొస్తే రెండు గదులూ ఒక్కరే చూసుకోవాలి. కొళాయి ఒకటి పాడు. ఇంగ్లీషు పాటలూ గట్రా నాకు వినపళ్ళేదు."

"అన్నయ్యా, మీరు బాగుందంటున్నారా, బాలేదంటున్నారా?" నర్సమ్మ గడియారం చూసుకుంది. "నాకు బస్సుంది."

"చదవలేక ఆగిపోయిన పిల్లాడి కోసం ఆవిడ ఆగిందమ్మా. ఎంతసేపు ఆగిందనుకున్నావు? నాకైతే అంతసేపు ఎవరూ ఆగలేదు. ఆగుంటే నేనీ పాటికి..." మాట మింగేశాడు. "గడియలు పిల్లలకందేట్టు పెట్టారు. కారుతోందని వాళ్ళే చెప్పారు, దాచలేదు. మంచి బడి."

ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టేశాడు.

"పదకొండేళ్ళుగా ఆ బడి పేరెత్తితే చాలు పెదవి విరిచావు. మా పెద్దోణ్ణి నీ మాట మీదే వ్యానెక్కించాను. ఇవాళ ఒక్కపూట కూర్చొచ్చి మంచి బడంటున్నావు. మనవరాలిని వేయాలిగా, అందుకా? ఏ మాట నమ్మమంటావు బావా? అదా, ఇదా?"

మేస్త్రీ కోడలి వైపు చూశాడు. ఆమె ఇంకా సంచి పట్టుకునే ఉంది. ఇప్పుడు అతను మెత్తబడి 'ఏమో, మీ ఇష్టం' అంటే ఈ ముగ్గురూ వెనక్కి తగ్గుతారు. అందరికంటే ముందు కోడలే తగ్గుతుంది. సోమవారం పొద్దున వ్యాను హారను మోగుతుంది. వాగుడుకాయ కడుపు పట్టుకుని గోడకు ఆనుకుంటుంది.

"ఆ నేల ఎవరు వేశారో తెలుసా?" అన్నాడు.

"ఎవడైతే ఏంటి? నాసిరకం పని అన్నావుగా."

"నేనే."

చాటలో చప్పుడు ఆగింది.

"రెండో గది. తొందరలో ముద్దలు పెట్టి అతికించాను. మర్నాడు వెళ్ళి తట్టలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పుకోవడానికి బడి బాలేదని చెప్పుకుంటూ తిరిగాను. అక్కడ టీచర్లెవరో, చదువెలా చెప్తారో నాకేం తెలుసు? లోపలికెళ్తేగా!"

ముందు భార్యే అందుకుంది. "అందుకేనా, ఆ గేటు దగ్గరకు రాగానే చెయ్యి వదిలేసి పరుగెత్తేవాడివి! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. నేనేమో ఆ వీధి మలుపులో నీకెవరైనా ఉన్నారేమో అనుకున్నా ఇన్నాళ్ళూ!"

నర్సమ్మ ఫక్కున నవ్వింది. ఇస్త్రీ ఆయన మాత్రం నవ్వలేదు.

"మా పెద్దోడు ఆరేళ్ళు వ్యానులో తిరిగాడు బావా" అన్నాడు మెల్లగా.

"తెలుసు."

"ఒకసారి వ్యాను గుద్దుకుని చెయ్యి విరిగింది కూడా."

"తెలుసు బావా. ఆసుపత్రికి నేనూ వచ్చాను. అక్కడ కూర్చుని నేలకేసి చూస్తూ ఉన్నాను, తట్టడానికి చెయ్యి రాలేదు."

ఇస్త్రీ ఆయన ఒక చొక్కా తీసుకుని మడత పెట్టాడు. విప్పి మళ్ళీ మడత పెట్టాడు. "నా సంగతి నేను రేపు చెప్తాను" అని బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. నర్సమ్మ బస్సుకోసం పరుగెత్తుతూ, "మావాణ్ణి వేస్తా అన్నయ్యా! తన తప్పు తానే చెప్పుకున్నవాడి మాట కంటే ఏం కావాలి?" అంది.

కోడలు సంచి దించింది. "అమ్మాయి పొద్దుట్నుంచి మాట్లాడుతూనే ఉందట, అత్తయ్య చెప్పింది. మీరు ఏమీ చెప్పకపోయినా నాకు ఆ ముక్క చాలు మామయ్యా" అని లోపలికి పోయింది. ఆ మాట ముందే చెప్పి ఉంటే నేను నోరు తెరిచేవాణ్ణి కాదుగా అనుకున్నాడు మేస్త్రీ. మళ్ళీ, చెప్పకపోవడమే మంచిదైంది అనుకున్నాడు.

*

బడికి సెలవులిచ్చిన మొదటి రోజునే సుత్తి, తాపీ, గోనెపట్టా పట్టుకుని గేటు ముందు నిలబడ్డాడు. పెద్ద టీచరు రిజిస్టర్లు సర్దుకుంటోంది. సంగతంతా చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఆఫీసులో అనుమతి తీసుకోవాలండీ. రాస్తాను."

"రాయండి. అది వచ్చేసరికి ఈ పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని తెచ్చి ఇక్కడే వేస్తారు."

ఆవిడకు నవ్వొచ్చింది. "మరమ్మతుల పుస్తకంలో ఏమని రాయను మరి?"

"వేసినోడే వచ్చి సరిచేశాడని రాయండి."

గది ఈ చివర నుంచి ఆ చివరదాకా తట్టాడు. మోకాళ్ళ కింద గోనెపట్టా జరుపుకుంటూ, ఒక్కోదానికీ చెవి వంచి. మోగినదాని మీద సుద్దతో గుర్తు పెట్టాడు. ఇరవై నాలుగు. పీకుతుంటే సగానికి పైగా విరిగాయి. ఆ రంగు ఇప్పుడు దొరకదు. తన దగ్గర మిగిలిపోయిన ముక్కల్లోంచి ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఇటుక రంగు, ఏది దొరికితే అది వేశాడు. పూలచొక్కాకు మాసిక వేసినట్టు తయారైంది నేల. జన్మలో ఏ ఇంట్లోనూ అలా రంగు కలవని టైలు వేయలేదు. అడుసు తొక్కాక కాలు కడుక్కోక తప్పుతుందా అనుకుని వేసుకుంటూ పోయాడు. రెండో రోజు మధ్యాహ్నం ఇస్త్రీ ఆయన వచ్చి, చొక్కా విప్పి పక్కన పెట్టి మాలు కలపడం మొదలెట్టాడు. కాసేపటికి, "నీళ్ళు ఎక్కువైనట్టున్నాయి చూడు" అన్నాడు. "ఎక్కువయ్యాయి" అన్నాడు మేస్త్రీ. వాళ్ళిద్దరి మధ్య రాజీ అంతే.

చివరికి బోర్డు కింద టైలు ఒక్కటే మిగిలింది. మేస్త్రీ తాపీ మొన దాని సందులో పెట్టాడు. గుమ్మంలో పెద్ద టీచరు నిలబడి ఉంది. వద్దనలేదు. మాట దగ్గర ఆగిన పిల్లాడి వంక చూసినట్టు చూస్తోంది. మేస్త్రీ కూడా ఆగాడు. తర్వాత దాన్ని నాలుగు మూలలా నొక్కి చూశాడు. కదలడం లేదు. మూలల్లో ముద్దలు గట్టిగానే పట్టుకున్నాయి. అది పగిలినా పిల్లలకు గుచ్చుకోకుండా అంచుల చుట్టూ సన్నగా సిమెంటు పాలు పోసి, గుడ్డతో తుడిచాడు.

"ఇది మీ పిల్లలది" అన్నాడు. "దీన్ని పాడుచేస్తే నన్ను వీధిలో తిరగనివ్వరు."

మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చి మిగతావన్నీ ఒక్కోటీ తట్టాడు. ఇస్త్రీ ఆయన కవలలు, నర్సమ్మ కొడుకు, వాగుడుకాయ కలిసి ఆ ఏడు పిల్లలు ఇరవై ఐదు మంది అయ్యారు. పెద్ద సంఖ్యేమీ కాదు.

బడి తెరిచిన వారానికి మేస్త్రీ భుజాన పనిసంచితో పొద్దున్నే ఆ గోడ పక్కనుంచి వెళ్తున్నాడు. ఇప్పుడు తల దించుకోవడం లేదు గానీ మోకాళ్ళ వల్ల నడక మాత్రం నెమ్మదే. లోపల్నుంచి 'డుబ్' మని వినపడింది. ఆగాడు. గోడ అవతల తనకు తెలిసిన గొంతే. ఏం చెబుతోందో అర్థం కాలేదు. ట్రాఫిక్కు చప్పుడు. పనికి టైమవుతోంది, అయినా సంచి భుజం మార్చుకుని నిలబడ్డాడు.

చాలాసేపే చెప్పింది.